ముఖం చూసి చదివిన ఉత్తర్వు

తొంభైల తొలి ఏళ్లలో ఒక మార్చి నెలాఖరున నన్ను బ్రిటిష్ కొలంబియా ఈశాన్య కొసన ఉన్న పీస్ నది ప్రాంతానికి జిల్లా పశువైద్యాధికారిగా బదిలీ చేశారు. అంతకుముందు కొన్నేళ్లు వాంకూవర్ రేవులో దిగుమతి పశువుల తనిఖీ చూశాను. అక్కడ పని చాలావరకు నాలుగు గోడల మధ్య జరిగేది. కొత్త పోస్టింగులో రోడ్డు మీద గడిచే సమయమే ఎక్కువ. నా పరిధిలోని ఆఖరి పొలానికి పొద్దున్నే కారులో బయల్దేరితే మధ్యాహ్నానికి చేరేవాణ్ణి. మా ఆవిడ సుశీల అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరింది. నాకు తెలిసినంతవరకు ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే.

ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. కృష్ణా జిల్లాలో నేను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో రైతు పశువును తోలుకొచ్చేవాడు, నేను మందు ఇచ్చేవాణ్ణి. కెనడాలో జిల్లా పశువైద్యాధికారి మందు ఇవ్వడు. వైద్యం ప్రైవేటు డాక్టర్ల పని. మాది కేంద్ర ప్రభుత్వ శాఖ. చట్టంలో పేర్కొన్న కొన్ని అంటురోగాలు దేశంలోకి రాకుండా, వస్తే పాకకుండా చూడటం మా బాధ్యత. రోగం ఉందని తేలితే మందను క్వారంటైన్‌లో పెట్టే అధికారం, తప్పనిసరైతే మొత్తం మందను చంపించే అధికారం మాకు ఉండేవి. ఆ ఉత్తర్వు మీద సంతకం చేయవలసింది మంత్రి కాదు, ప్రాంతీయ అధికారీ కాదు, నేనే. నా ముందు పనిచేసిన అధికారి ఛార్జి అప్పగిస్తూ, ఇన్నేళ్లలో తనకు ఆ అవసరం పడలేదని, నాకూ పడకూడదని కోరుకుంటున్నానని అన్నాడు.

మే నెలలో పడింది.

కబేళాలో మా శాఖ ఇన్‌స్పెక్టర్ ఒక ముసలి ఆవు ఊపిరితిత్తుల పక్కనున్న లింఫ్ గ్రంథిని కోసి చూస్తే లోపల పసుపుపచ్చగా, విరిగిన పాలలా ఉంది. ముక్కను ప్రయోగశాలకు పంపారు. పశువుల క్షయ అని ఫలితం వచ్చింది. ఆవు చెవికున్న ట్యాగ్ నంబరును బట్టి వెనక్కి వెతుక్కుంటూ వెళితే, అది ఆల్బర్టా సరిహద్దుకు దగ్గరలో ఉన్న లాంగర్ వాళ్ల పొలం నుంచి వచ్చిందని తేలింది. ఈ రోగం పాల ద్వారా, శ్వాస ద్వారా మనుషులకూ సోకుతుంది. ముఖ్యంగా పిల్లలకు. అందుకే దీని విషయంలో చట్టం దేనికీ మినహాయింపు ఇవ్వదు.

మా టెక్నీషియన్ బ్రెంట్‌ను తీసుకుని వెళ్లాను. పొలం యజమాని మిసెస్ లాంగర్ అనే పెద్దావిడ. వయసు డెబ్బైకి దగ్గర పడుతోంది. భర్త పోయి చాలాకాలమైంది. నలభై దాటిన కొడుకు వాల్టర్‌తో కలిసి ఆవుల్ని పెంచుతోంది. సన్నగా, నిటారుగా ఉండేది. ఇంగ్లీషు స్పష్టంగా మాట్లాడేది కాని, దాని వెనక ఇంకో భాష ఉన్నట్టు వినగానే తెలిసేది. క్వారంటైన్ నోటీసు ఇచ్చి పరీక్ష ఎలా చేస్తామో వివరించాను. ఆవు తోక మొదట్లో, అడుగున, వెంట్రుకలు లేని చర్మపు మడత ఉంటుంది. అందులో ట్యుబర్కులిన్ అనే ద్రవం చుక్కంత ఎక్కిస్తాం. మూడో రోజు వచ్చి వేళ్లతో తడిమి చూస్తాం. అక్కడ వాపు ఉంటే ఆ పశువును రియాక్టర్ అంటాం. అంటే అనుమానించదగినదని అర్థం.

వాల్టర్ ఆవుల్ని ఒక్కొక్కటిగా ఇనుప బోనులోకి తోలాడు. మన పశువుల ఆసుపత్రుల్లో ట్రెవిస్ అంటామే, అలాంటిదే. కాకపోతే పక్కల నుంచి నొక్కి కదలకుండా పట్టుకుంటుంది. మిసెస్ లాంగర్ ప్రతి ఆవు తల దగ్గరా నిలబడి, చెవి వెనక గోకుతూ, జర్మన్‌లో ఏదో చెప్పేది. తన్నిన ఆవు ఒక్కటి లేదు. నా సర్వీసులో అంత నిశ్శబ్దంగా జరిగిన పరీక్ష ఇంకోటి లేదు.

పని అయ్యాక చేతులు కడుక్కుంటుంటే ఆవిడ నన్ను అడిగింది, "డాక్టర్ రావు, మీరు ఇండియా నుంచి వచ్చారా?"

అవునన్నాను. తూర్పు తీరం అన్నాను.

"మీ అంతట మీరు వచ్చారా, లేక రావలసి వచ్చిందా?"

నా అంతట నేనే వచ్చానన్నాను. ఆవిడ తల ఊపి ఇంకో ప్రశ్న వేసింది. "అక్కడ ఆడవాళ్లు ఇంకా గాజులు వేసుకుంటారా? గాజుతో చేసినవి?"

వేసుకుంటారని చెప్పాను. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

మూడో రోజు తడిమి చూస్తే చాలా ఆవులకు వాపు తేలింది. నియమం ప్రకారం మెడ మీద రెండో రకం పరీక్ష చేయాలి. చేశాం. అందులోనూ రోగం ఉన్నట్టు తేలినవాటిని వేరుచేసి కోయించి, శవపరీక్షకు నేనే నిలబడ్డాను. గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో రోగం నా కళ్లతో చూశాను. ప్రయోగశాల కూడా అదే చెప్పింది. ఇక దారి ఒక్కటే. రోగం కనిపించని ఆవులతో సహా మంద మొత్తాన్ని తీసేయాలి.

ఈలోపు వాల్టర్ ఫోనులో బ్రెంట్‌తో ఒక మాట అన్నాడు. లారీలు వస్తే గేటుకు అడ్డంగా తుపాకీతో నిలబడతానన్నాడు. బ్రెంట్ ఆ మాట నాకు చెప్పాడు, నేను ప్రాంతీయ అధికారికి చెప్పాను. పోలీసుల్ని వెంట తీసుకుని వెళ్లు, ఉత్తర్వు చేతిలో పెట్టు, సంతకం తీసుకో, బయటికి వచ్చేయి అన్నాడాయన. అనుభవం ఉన్న మనిషి, చెప్పింది పద్ధతి ప్రకారమే. చట్టం అడిగేదీ అంతే. ఉత్తర్వు యజమానికి అందాలి. ఎలా అందాలన్నది చట్టంలో లేదు.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఈ సంగతి సుశీలతో చెప్పాను.

"పోలీస్ కారు వాకిట్లో ఆగాక ఆవిడ ఇంక మీ మాటేం వింటుందండీ?" అంది. "పేషెంట్‌కి బ్యాడ్ న్యూస్ చెప్పాలంటే మేం సెక్యూరిటీని వెంటేసుకుని వెళ్తామా?"

"గన్ ఉందంటున్నాడే."

"ఉంటే కొడుకు దగ్గరుంది. మీరు మాట్లాడాల్సింది తల్లితో కదా. మీకు భయంగా ఉంటే మాత్రం వెళ్లొద్దు, నేను చెప్పేది అది కాదు."

భయంగానే ఉంది. మధ్యేమార్గంగా, పోలీసు కానిస్టేబుల్‌ను హైవే మలుపులోని పెట్రోల్ బంకు దగ్గర ఆగమని, రేడియోలో పిలిస్తేనే రమ్మని కోరాను. ఆయన ఒప్పుకున్నాడు. నేను ఒక్కణ్ణే పొలానికి వెళ్లాను.

మిసెస్ లాంగర్ వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోసింది. వాల్టర్ తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చేతిలో ఏమీ లేదు. బ్యాగులోంచి ఉత్తర్వు తీసి బల్ల మీద పెట్టి ఆవిడ వైపు జరపబోయాను. ఆవిడ తన అరచేతిని దాని మీద పెట్టి ఆపింది.

"మలుపులో పోలీసు కారు ఉందని పక్క పొలం అతను ఫోన్ చేశాడు. మీరు తెచ్చారా?"

"తెచ్చాను. అక్కడే ఆగమన్నాను."

"ఎందుకు ఆగమన్నారు?"

నేను నిజం చెప్పాను. ఆయన్ను వాకిట్లోకి తెస్తే మీతో మాట్లాడటం నా వల్ల కాదనిపించింది అన్నాను. ఆవిడ కొడుకు వైపు చూసి జర్మన్‌లో ఒక వాక్యం అంది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది చదివే ముందు మీకు ఒక సంగతి చెప్పాలి," అంది. "సానుభూతి కోసం కాదు. ఎలా చదవాలో మీకు తెలియాలి కాబట్టి."

ఆ తర్వాత ఆవిడ చెప్పినదాన్ని నాకు గుర్తున్నంతవరకు రాస్తాను.

ఆవిడ పుట్టింది చెకోస్లొవాకియాలో, ఉత్తరాన కొండల మధ్య ఉన్న ఒక పట్టణంలో. ఆ దేశం ఆవిడకంటే నాలుగైదేళ్లే పెద్దది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక పాత సామ్రాజ్యం ముక్కలైతే పుట్టిన దేశం అది. వాళ్ల పట్టణంలో మాట్లాడేది జర్మన్. పట్టణం మొత్తం బతికింది గాజు మీద. పూసలు, గుండీలు, గాజులు. వాళ్ల నాన్న కొలిమి పనివాడు, కార్మిక సంఘంలో కార్యదర్శి. ఆయన చేసింది ముఖ్యంగా చేతి గాజులు. అవి ఎక్కడికి వెళ్లేవో తెలుసా అని ఆవిడ నన్ను అడిగింది.

"బొంబాయికి. మీ దేశానికి. మా పట్టణంలో ఎవరి చేతికీ అవి ఎక్కవు, మా ఆడవాళ్ల చేతులు లావు. మా నాన్న ఎన్నడూ చూడని ఆడవాళ్ల చేతుల కోసం రోజంతా గాజు కడ్డీ తిప్పేవాడు. నేను చిన్నప్పుడు ఇండియా అంటే సన్నటి మణికట్లు ఉన్న దేశం అనుకునేదాన్ని."

తర్వాత ప్రపంచం అంతటా వ్యాపారం కుప్పకూలింది. ఆవిడ అప్పుడు బడిలో కొత్తగా చేరిన పిల్ల. పెద్దవాళ్లు బ్యాంకులని, సుంకాలని, జపాన్ చవక సరుకని ఏవేవో కారణాలు చెప్పుకునేవారు. నాన్న మాత్రం ఒక్క మాటే అనేవాడట: బొంబాయి ఆగిపోయింది. కొలిములు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. ఆ కొండల్లో ఎప్పుడూ పొగ కనిపించేది. ఒక శీతాకాలం ఆకాశం పూర్తిగా తేటగా ఉంది. ఆ తేట ఆకాశాన్ని చూసి వాళ్ల అమ్మ ఏడ్చిందట.

ఇక్కడ నేను ఆగలేక ఒక మాట చెప్పాను. మా నాయనమ్మది తెనాలి. ఉద్యమం రోజుల్లో విదేశీ గుడ్డలను వీధిలో కుప్పపోసి తగలబెట్టినప్పుడు, తనూ తోటివాళ్లూ చేతులకున్న సీమ గాజులు తీసి ఆ కుప్పలో వేశామని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. చిన్నప్పుడు ఆ కథ ఎన్నిసార్లు విన్నానో. ఆ గాజులు ఎవరు చేశారన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు.

మిసెస్ లాంగర్ నన్ను తేరిపార చూసింది. "మీ నాయనమ్మ ఎందుకు వేసింది?"

"మా దేశం మాకు కావాలని."

"మా పక్కింటివాళ్లు కూడా అదే అన్నారు," అంది. మాటలో నిష్ఠూరం లేదు. "కాని మీ నాయనమ్మ తన గాజులు తీసి వేసింది. వేరే వాళ్లవి లాక్కుని కాదు," అంది.

తీరంలో ఉద్యోగం చేసినప్పుడు దివిసీమ ఉప్పెన తర్వాత నన్ను పశువుల కళేబరాలు పూడ్పించే పనికి వేశారు. ఊళ్లకు ఊళ్లు లేకుండా పోవడం చూశాను. అంతకంటే పెద్ద వినాశనం ఉండదని అనుకునేవాణ్ణి. ఆ వంటింట్లో కూర్చున్నప్పుడు ఇంకో రకం వినాశనం గురించి విన్నాను. అందులో గాలి లేదు, నీళ్లు లేవు. ఇళ్లు ఇళ్లలాగే నిలబడి ఉన్నాయి. మనుషులే మారిపోయారు.

సరిహద్దుకు అవతల జర్మనీలో కొత్త పాలన వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీలు తిరిగి నడుస్తున్నాయని, అందరికీ పని దొరుకుతోందని రేడియో చెప్పేది. ఇవతల ఏళ్ల తరబడి పని లేని మగవాళ్లు వీధి చివర నిలబడి వినేవారు. మొదట కొద్దిమంది, తర్వాత సగం వీధి, తర్వాత దాదాపు అందరూ అటు మొగ్గారు. ఎవరు ఎటో తెలియడానికి గుర్తు తెల్ల మేజోళ్లు. అటువైపు వాళ్లు మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు వేసుకునేవారు. ఆవిడ పొద్దున బడికి వెళుతూ కాళ్లు చూసేదట. నిన్న బూడిదరంగు మేజోళ్లు వేసుకున్న పాలవాడు ఇవాళ తెల్లవి వేసుకున్నాడు. లెక్కల టీచరు వేసుకున్నాడు. ఆ తర్వాత ఒక ఆదివారం వాళ్ల బాబాయి, నాన్న సొంత తమ్ముడు, తెల్ల మేజోళ్లతో భోజనానికి వచ్చాడు. నాన్న పళ్లెంలో వడ్డించి పెట్టాడు. ఇద్దరూ తిన్నారు. అదే ఆఖరి భోజనం.

1938 శరత్తులో నాలుగు పెద్ద దేశాల నాయకులు ఒకచోట కూర్చుని వాళ్ల కొండల్ని జర్మనీకి ఇచ్చేశారు. వాళ్ల దేశం వాళ్లను ఆ గదిలోకి కూడా పిలవలేదు. సంఘంలో పనిచేసినవాళ్లను పట్టుకోవడానికి తెల్ల మేజోళ్లవాళ్లు పేర్లు ముందే రాసిపెట్టుకున్నారని అందరికీ తెలుసు. నాన్న ఆ రాత్రే ప్రాగ్ వైపు నడిచి వెళ్లిపోయాడు. అమ్మా, ఆవిడా సామాను కట్టుకోవడానికి ఆగారు. మర్నాడు సైన్యం రాకముందే బాబాయి వచ్చాడు. ఊరికి కొత్తగా ఏర్పడిన కమిటీ తరఫున ఒక కాగితం తెచ్చాడు. ఇల్లు ఖాళీ చేయాలి.

"నాకు స్కీ నేర్పింది ఆయనే," అంది మిసెస్ లాంగర్. "వంటింట్లో నిలబడి ఆ కాగితం మొత్తం చదివాడు. చదువుతున్నంతసేపూ పొయ్యి వైపు చూశాడు. ఒక్కసారీ మా అమ్మ ముఖం చూడలేదు. ఇల్లు పోయిందని కాదు డాక్టర్, ఇల్లు ఏముంది. ఆయన పొయ్యికి చదివి వినిపించాడు. మేమిద్దరం అక్కడ లేనట్టు."

ఆ తర్వాత ప్రాగ్ దగ్గర నాన్నను కలుసుకున్నారు. అక్కడ ఒక బడిలో నేల మీద పడకలు. తమలాంటి కొందరిని చెక్ అధికారులు రైలెక్కించి వెనక్కి పంపించారు. వెళ్లినవాళ్లు ఏమయ్యారో కొందరి విషయం తర్వాత తెలిసింది, కొందరిది తెలియలేదు. చివరికి బ్రిటన్ నుంచి సాయం అందింది. పోలండ్ మీదుగా బ్రిటన్‌కు ఓడ, అక్కడి నుంచి ఇంకో ఓడ. 1939 వసంతంలో హాలిఫాక్స్ రేవులో దిగారు. రైలెక్కి దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చి, ఎవరో వదిలేసి వెళ్లిన ఈ పొలాల్లో దిగారు. వ్యవసాయం చేస్తామన్న షరతు మీద కెనడా రానిచ్చింది. వచ్చినవాళ్లలో గాజు పనివాళ్లు, నేతగాళ్లు, అచ్చు పనివాళ్లు, ఒక పత్రికా సంపాదకుడు. ఆవు దగ్గరికి వెళ్లిన అలవాటు చాలామందికి లేదు. కుటుంబానికొక ఆవును ఇచ్చారు. పాలు ఎలా పిండాలో తెలియక నాన్న మొదటిరోజు ఆవు పక్కన కూర్చుని చాలాసేపు దాని పొదుగును చూస్తూ ఉండిపోయాడట. తర్వాత, కాలుతున్న గాజును పట్టుకున్న చేతులతోనే మెల్లగా మొదలుపెట్టాడు.

"బయట ఉన్నవాటిలో కొన్ని ఆ ఆవు సంతానమే," అంది.

 మన పుస్తకాల్లో ఐరోపా అంటే పద్ధతులు, చట్టాలు, శాస్త్రం పుట్టిన చోటు. నేను చదివిన పశువైద్యం కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఆ ఐరోపా నడిబొడ్డున ఒక దేశం పుట్టి, ఒక ఆడపిల్ల బడి చదువు పూర్తయ్యేలోపు మాయమైంది. ఆ ఆడపిల్ల నా ఎదురుగా కూర్చుని నా కప్పులో ఇంకొంచెం కాఫీ పోస్తోంది. మా నాయనమ్మ కుప్పలో వేసిన గాజుల్లో ఒకటి ఈవిడ నాన్న చేసిందేమో ఎవరికి తెలుసు. ఎక్కడో దూరాన ఎవరో తీసిన గాజు ఇంకెక్కడో కొలిమిని ఆర్పగలదని, ఆరిన కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి తన అన్న ఇంటిని ఖాళీ చేయించగలడని అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

బాబాయి సంగతి అడిగాను. యుద్ధం అయ్యాక ఆ కొండల్లోని జర్మన్లందర్నీ వెళ్లగొట్టారని చెప్పింది. బాబాయి తనే తీసుకున్న అదే ఇంటి నుంచి, ఇంకొకరు తెచ్చిన కాగితంతో, చేతిసంచితో బయటికి నడిచాడు. "ఆయనకు ఎవరు చదివారో, ఎటు చూసి చదివారో తెలియదు," అంది.

అప్పుడు ఉత్తర్వు మీది నుంచి చెయ్యి తీసింది. "ఇప్పుడు చదవండి. పైకి చదవండి. చదివేటప్పుడు నన్ను చూడండి."

చదివాను. ప్రభుత్వ ఉత్తర్వులు మనిషి ముఖం చూస్తూ చదవడానికి రాసినవి కావు. ఒక్కో వాక్యం సగం పేజీ. ప్రతి వాక్యం చివర తలెత్తి ఆవిడ కళ్లలోకి చూశాను. ఆవిడ నా కళ్లలోంచి చూపు తిప్పుకోలేదు. ఫలానా చట్టం కింద నాకున్న అధికారంతో, ఫలానా పొలంలోని పశువులన్నిటినీ నాశనం చేయవలసిందిగా ఆదేశిస్తున్నాను అనే చోట ఆగి నీళ్లు అడిగాను. వాల్టర్ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

చదవడం అయ్యాక ఆవిడ ఒకటే అడిగింది. "రోగం ఉందని కాగితం చెప్పింది. మీరు చూశారా?"

"చూశాను. శవపరీక్ష దగ్గర నేనే ఉన్నాను. గ్రంథుల్లో ఉంది. రెండింటికి ఊపిరితిత్తుల్లో కూడా ఉంది. వాటి శ్వాస నుంచి మిగతావాటికి పాకుతోంది. పాల నుంచి పిల్లలకు వస్తుంది."

"నాకు చూపించగలరా?"

భద్రపరిచిన ముక్కలు ఆఫీసులో ఉన్నాయి, రేపు తెస్తానన్నాను. అవసరం లేదంది. చూపించగలరా లేదా అన్నదే తెలుసుకోవాలనుకున్నానంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, నాకూ అర్థం కావాలన్నట్టు ఇంగ్లీషులోనే చెప్పింది. "వాల్టర్, అప్పుడు మా ఇంట్లో ఏ జబ్బూ లేదు. ఇక్కడ ఉంది. ఆ రెండింటికీ తేడా తెలియకపోతే నేను అక్కణ్ణుంచి ఏమీ నేర్చుకోకుండానే వచ్చినట్టు."

వాల్టర్ తల దించుకుని, "ఓకే మామ్," అన్నాడు. 

ఆవిడ సంతకం చేసింది. నష్టపరిహారం ఎలా నిర్ణయిస్తారో, దాని మీద అప్పీలు ఎలా చేసుకోవాలో చెప్పాను. అదంతా వాల్టర్‌తో మాట్లాడమంది. తన తరఫున ఒక్కటే కోరింది. లారీల్లోకి ఆవుల్ని తనే ఎక్కిస్తుంది. కర్రలు, షాకిచ్చే కరెంటు కమ్మీలు వాడకూడదు. నియమాల ప్రకారం తోలే పని మేం పెట్టిన మనుషులదే. అయినా వాళ్లు పక్కన నిలబడతారు, మీరు ఎక్కించండి అన్నాను. ఈ నిర్ణయాన్ని పై అధికారికి ఆ రోజే ఫోనులో చెప్పాను. ఆయన నీ జిల్లా, నీ బాధ్యత అన్నాడు. దారిలో పెట్రోల్ బంకు దగ్గర కానిస్టేబుల్‌కు కృతజ్ఞతలు చెప్పి పంపేశాను.

లారీలు వచ్చిన పొద్దున ఆ చుట్టుపక్కల పొలాల నుంచి ముసలివాళ్లు కొందరు వచ్చి కంచె అవతల నిలబడ్డారు. అందరూ అదే ఓడల్లో వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు.  మిసెస్ లాంగర్ ఉతికిన ఏప్రన్ కట్టుకుని, బకెట్లో కొంచెం దాణా పట్టుకుని, లారీ ఎక్కడానికి వాలుగా ఆనించిన పలక మీద నిలబడి పిలిచింది. పాటా కాదు, మాటా కాదు, సాగదీసిన ఒక కూత. పెద్ద ఆవు ముందు కదిలింది. దాని వెనక మిగతావి వరుసగా, రోజూ సాయంత్రం కొట్టంలోకి వచ్చినట్టు ఆవిడ పక్కనుంచి నడిచి ఎక్కాయి. ప్రతిదాని వీపు మీదా చెయ్యి వేసింది. చూడి ఆవు ఒకటి పలక దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఆవిడ దాని పక్కన నిలబడి, అది కదిలేదాకా వేచి ఉంది. మా మనుషులు చేతులు కట్టుకుని నిలబడిపోయారు. వాళ్లలో ఒకడు టోపీ తీశాడు. నేను అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా పశువుల మధ్య పనిచేశాను. ఒక మనిషి నిబ్బరం ఒక మందను మొత్తం అలా నడిపించడం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

లారీలు వెళ్లాక ఆవిడ ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు. వాల్టర్ ఖాళీ కొట్టం ముందు ట్రాక్టర్ మీద కూర్చుని ఉన్నాడు. నేను పలకరించబోతే చెయ్యి ఎత్తి వద్దన్నాడు.

ఆ వేసవంతా కొట్టాలు కడిగించి, పేడ తీయించి, మందు కొట్టించాం. పొలాన్ని కొన్నాళ్లు ఖాళీగా ఉంచాలన్నది నియమం. మరుసటి ఏడాది క్వారంటైన్ ఎత్తివేశాను. మిసెస్ లాంగర్ మళ్లీ ఆవుల్ని కొంటుందని నేను అనుకోలేదు. ఆ వయసులో కొనదని ఊళ్లో కూడా అనుకున్నారు. ఆవిడ ఆల్బర్టా సంత నుంచి కొన్ని పెయ్యల్ని తెప్పించింది. కొత్త మందకు క్షయ పరీక్ష తప్పనిసరి కాబట్టి నేనే వెళ్లాను. కొత్త పెయ్యలు బెదురు రకం, బోనులో బాగా తన్నాయి. బ్రెంట్ మోకాలికి దెబ్బ తగిలింది. మూడో రోజు తడిమి చూస్తే ఒక్కదానికీ వాపు లేదు.

"వీటికి నా మాట ఇంకా తెలియదు," అంది ఆవిడ. "ఏడాది పడుతుంది."

ఆ ప్రాంతంలో మరికొన్నేళ్లు పనిచేసి వాంకూవర్‌కు తిరిగి వచ్చాను. తర్వాత కొత్తగా చేరిన పశువైద్యులకు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకు అప్పగించారు. నాశన ఉత్తర్వు అందించే విషయంలో వాళ్లకు నేను చెప్పినవి ఇవి. సంతకం చేసినవాడే తీసుకెళ్లాలి, కింది ఉద్యోగిని పంపకూడదు. శవపరీక్ష దగ్గర నిలబడకుండా ఉత్తర్వు మీద సంతకం చేయకూడదు. ఉత్తర్వును బల్ల మీద పెట్టి రాకూడదు, పైకి చదవాలి, చదివేటప్పుడు యజమాని ముఖం చూడాలి. చూశారా అని అడిగితే చూశానని చెప్పగలగాలి, చూపించమంటే చూపించగలగాలి. దీనికి సమయం ఎక్కువ పడుతుందని కొందరు అభ్యంతరం చెప్పారు. పడుతుంది. కారణం ఉన్న ఉత్తర్వుకూ, కారణం లేని ఉత్తర్వుకూ కాగితం ఒకేలా ఉంటుంది, ముద్ర ఒకేలా ఉంటుంది. ఆ రెండింటినీ చూసిన మనిషి ఒకావిడ నాకు తెలుసు. ఆవిడకు తేడా తెలిసింది కాగితం నుంచి కాదు, దాన్ని తెచ్చినవాడి నుంచి.